ఆదివారం రాకపోతే సోమవారం ఇంటికొచ్చే సంఘం: ఇది ప్రేమా, హాజరుపట్టీనా?

రూతు_తెనాలి
మాది తెనాలి పక్కన పల్లె. చిన్న సంఘం, రేకుల షెడ్డు, పిల్లలతో కలిపి నలభై మందికి మించం. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలో సగం ఆదివారాలు డ్యూటీయే పడుతుంది. మార్చుకుందామన్నా అవతలివాళ్లకూ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు కదా.

ఒక్క ఆదివారం కనపడకపోతే చాలు, సోమవారం మధ్యాహ్నానికల్లా స్త్రీల సమాజం నుంచి నలుగురైదుగురు బైబిళ్లు చంకన పెట్టుకుని గుమ్మంలో దిగుతారు. నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్నంటుకుని ఉంటుంది. "ఏమ్మా, చల్లారిపోయావా?" అనేదే మొదటి మాట. ఇక టీ పెట్టాలి, పాట పాడాలి, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేయాలి. వాళ్లు చెప్పులేసుకునేసరికి నాకు మళ్లీ బస్సు టైమవుతుంది.

దానికైనా సర్దుకున్నాను. మొన్న నేను లేనప్పుడు "రూతు సిస్టర్ వెనకబడిపోతోంది, ఆత్మీయంగా బలపడాలని ప్రార్థన చేద్దాం" అని మైకులో చెప్పారట. మా మైకు ఊరి చివర చెరువు దాకా వినపడుతుంది. కూరగాయల బండి ఆయన కూడా "ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు.

గుంటూరులో పెద్ద చర్చి ఉంది. ఆదివారం మూడు ఆరాధనలు, వీలైనదానికి వెళ్లి రావచ్చు, ఎందుకు రాలేదని అడిగే నాథుడు ఉండడు. మారిపోదామనిపిస్తోంది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. అత్తయ్య మాత్రం రెండు రోజులుగా మాట్లాడటం లేదు. మీరైతే ఏం చేస్తారు?

జాన్సన్78
సిస్టర్, బాధపెట్టాలని కాదు. హెబ్రీయులకు 10:25 ఒకసారి తీసి చూడండి. సమాజంగా కూడటం మానకూడదని స్పష్టంగా ఉంది. వాళ్లు పనులు మానుకుని మీ ఇంటికొచ్చారంటే మీ ఆత్మ మీద భారం ఉండబట్టే. ఈ రోజుల్లో అలాంటి సంఘం దొరకడమే కష్టం.

చివరిబెంచీ
25 తెలిసినవాళ్లందరూ 24 ఎందుకు వదిలేస్తారో! దాని ముందు వచనంలోనే ఒకరినొకరు ప్రేమకూ మంచి పనులకూ పురికొల్పుకోవాలని ఉంది. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషిని నిద్ర లేపి టీ పెట్టించుకోవడం ఆ మంచి పనుల్లో ఏ నంబరు?

గోదారోడు
మా ఊళ్లోనూ అంతే. మైకు చేతికొస్తే ప్రార్థనాంశం కాస్తా సాయంత్రం వార్తలైపోతుంది. "ఫలానా సహోదరుడు తాగుడు మానాలని" అని పేరుతో సహా చదివారు ఒకసారి. ఆయన అప్పటికి మానేసి ఏడాది. ఆ రోజు రాత్రి మళ్లీ తాగాడు.

సండేస్కూల్‌అక్క
గోదారోడు గారూ నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

స్టీఫెన్_హైదరాబాద్
రూతు గారూ, పెద్ద చర్చికి మారేముందు నా సంగతి వినండి. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి ఇక్కడో పెద్ద చర్చిలో చేరాం. ఏసీ హాలు, స్క్రీన్ మీద పాటలు, పార్కింగ్‌కి వాలంటీర్లు. నిజంగా బాగుంటుంది, వాక్యమూ బాగుంటుంది. మా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు నెలన్నర మేం వెళ్లలేదు. ఎవరికీ తెలియలేదు. తెలిసే దారే లేదు, అంత జనంలో వాళ్ల తప్పూ కాదు. ప్రార్థన విన్నపాల నంబరుకి మెసేజ్ పెడితే వాగ్దాన వచనంతో ఒక బొమ్మ వచ్చింది. అదే బొమ్మ నా పక్క ఫ్లాట్ ఆయనకూ వచ్చిందట, ఆయన కొడుకు పరీక్షల కోసం పెట్టుకున్నాడు.

నాన్న పోయారని తెలిసి మా ఊరి సంఘం నుంచి జనరల్ బోగీలో ఎక్కి పదకొండు మంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు ముసలాళ్లు మెట్లు కూడా ఎక్కలేరు. ఒకామె వస్తూనే వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఎవరూ వాక్యం చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు ఒక్క పాట పాడారు, అంతే.

అడిగే మనిషి లేకపోవడం మొదటి నెల హాయిగానే ఉంటుంది.

రూతు_తెనాలి
స్టీఫెన్ గారూ, మా వాళ్లూ అలాంటి సమయంలో వస్తారు, కాదనను. నా కాన్పప్పుడు నెలంతా ఎవరో ఒకరు క్యారియర్ పంపారు. అందుకే కదా ఇంత ఆలోచన. వదిలెయ్యగలిగితే ఇక్కడ రాసేదాన్నే కాదు.

జాన్సన్ గారూ, నేను మానలేదండీ. డ్యూటీ లేని ఏ ఆదివారమూ ఇంట్లో లేను.

జాన్సన్78
డ్యూటీ ఉంటే తెల్లారి 5 గంటల ప్రార్థనకైనా రావచ్చు కదా. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు, ఆయనకు డ్యూటీ లేదా? రాజు దగ్గర ఉద్యోగం.

చివరిబెంచీ
దానియేలు తన ఇంట్లో, తన గదిలో, కిటికీలు తెరుచుకుని మోకరించాడండీ. 6వ అధ్యాయం 10. ఎవరూ వచ్చి హాజరు వేయలేదు. వచ్చి చూసినవాళ్లు ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు.

గోదారోడు
😂😂 చివరి బెంచీలో కూర్చునేవాళ్లకే వచనాలు బాగా గుర్తుంటాయి.

చివరిబెంచీ
నిద్ర రాకుండా ఉండటానికి బైబిల్ తిరగేస్తుంటాను. త్రోయలో ఐతుకు అనే కుర్రాడు పౌలు ప్రసంగం సాగుతుంటే కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు కదా, అపొస్తలుల కార్యాలు 20లో. మా అయ్యగారు పౌలు కంటే ఎక్కువసేపు చెప్తారు. మాది ఒకటే అంతస్తు కాబట్టి బతికిపోతున్నాం.

అమ్మగారు_ఇక్కడ
నేను పాస్టరమ్మను, అంటే మా అయ్యగారి (పాస్టరు గారి) భార్యను. పేరూ ఊరూ చెప్పను, మా వాళ్లలో సగం మంది ఇలాంటివి చదువుతారు. రెండో వైపు కూడా చెప్పాలని రాస్తున్నా.

మా సంఘం ముప్పై మంది. వచ్చినవాళ్లను లెక్కపెట్టడం అక్కర్లేదు, ఎవరు లేరో చాప మీద ఖాళీ చూస్తేనే తెలుస్తుంది. ఎడమ వైపు కిటికీ దగ్గర పెద్దమ్మ చోటు, స్తంభం పక్కన టైలరు గారిది. అయ్యగారు వాక్యం చెప్తూ చెప్తూ ఆ ఖాళీ వైపు చూస్తారు, గొంతు తగ్గుతుంది. నేను వెనక నుంచి చూస్తుంటాను. వేయి మందిలో పది మంది రాకపోతే తెలియదు. ముప్పైలో ఆరుగురు రాకపోతే "నాలో ఏదో లోపం" అనుకుంటారు సేవకులు. ఆ దిగులే కొన్నిసార్లు "వెళ్లి చూసి రండమ్మా" అని స్త్రీలను పంపడం దాకా వెళ్తుంది. అది మంచిదనడం లేదు, ఎక్కడి నుంచి వస్తుందో చెప్తున్నా.

ఇక మా ఇంటి సంగతి. వారం రోజులూ ఆయన ఆటో వేస్తారు. శనివారం సాయంత్రం షెడ్డు ఊడ్చేది, చాపలు దులిపేది, మైకు చార్జింగ్ పెట్టేది నేనూ మా చిన్నాడూ. మొదటి ఆదివారం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉంటే నల్లద్రాక్ష తెచ్చి ఉడకబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, చక్కెర వేసి సీసాకెత్తాలి. ద్రాక్ష రేటు పెరిగిన నెలలో నీళ్లు కాస్త ఎక్కువే పడతాయి, దేవుడికి తెలుసు. కానుక పెట్టెలో వచ్చింది కరెంటు బిల్లుకూ షెడ్డు స్థలం అద్దెకూ పోతుంది. గుప్పెడు బియ్యం పద్ధతి ఉంది కాబట్టి అన్నానికి లోటు లేదు. ప్రతి ఇంట్లో పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలాఖరుకి తెచ్చిస్తారు. అన్ని ఇళ్ల బియ్యం కలిస్తే అన్నం ఎలా ఉంటుందో ఊహించుకోండి. సన్నాలూ దొడ్డువీ రేషన్‌వీ అన్నీ ఒకే గిన్నెలో, కొన్ని పలుకు, కొన్ని ముద్ద.

అందరూ వచ్చి "ప్రార్థన చేయండి అమ్మగారూ" అంటారు. నాకు థైరాయిడ్ అని తెలిసినవాళ్లు సంఘంలో ఇద్దరు. ఒకామె, బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది, ఒకసారి కూడిక అయ్యాక ఆగి "అయ్యగారూ, హాగరు సంగతి చెప్పారు కదా, ఎడారిలో పిల్లాణ్ని పొద కింద పడేసి దూరంగా కూర్చుందని. నేనూ ఒకసారి అలాగే కూర్చున్నానండీ" అని వెళ్లిపోయింది. అంతే అంది. ఆయన ఆ మాట మీద ఎన్ని నెలలు బతికారో నాకు తెలుసు. "వాక్యం బాగుంది" అని అందరూ అంటారు, అది వందనాల లాంటిదే. ఏ మాట తగిలిందో చెప్పినవాళ్లు తక్కువ.

రూతమ్మా, మీ అయ్యగారితో మీరే సూటిగా మాట్లాడండి. స్త్రీల సమాజం ద్వారా వద్దు. మైకు సంగతి ఆయనకు తెలియకుండా కూడా జరిగి ఉండొచ్చు.

రూతు_తెనాలి
అమ్మగారూ, మీ మందులు టైమ్‌కి వేసుకుంటున్నారా? థైరాయిడ్ మాత్ర పరగడుపున, టీ కంటే ముందు వేసుకోవాలి. కనీసం అరగంట గ్యాప్.

అమ్మగారు_ఇక్కడ
టీతోనే వేసుకుంటున్నా ఇన్నాళ్లూ!

రిటైర్డ్_సుబేదార్
గుప్పెడు బియ్యం అంటే గుర్తొచ్చింది. మిజోరంలో, ఐజ్వాల్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు చూశాను, మిజో ఆడవాళ్లు దీన్ని 'బుహ్‌ఫై థమ్' అంటారు. వందేళ్లకు పైగా సాగుతోంది. అక్కడ సంఘాలు ఆ బియ్యం అమ్మిన డబ్బుతో మిషన్ పని నడుపుతాయి. డబ్బు లేని ఇల్లు కూడా ఇచ్చేవాళ్లలో ఉంటుంది, అదీ దాని గొప్ప. మన దగ్గర కొన్నిచోట్ల ఈ డబ్బా పక్కనపెట్టి ఫోన్‌పే స్టిక్కర్ అంటించారు. పెన్షన్ డబ్బులతో బతికే ముసలమ్మ ఇప్పుడు ఏమీ ఇవ్వలేకపోతున్నానని వెనక కూర్చుంటోంది.

కువైట్‌బాబు
మాది రాజంపేట వైపు, ఇక్కడికొచ్చి చాలా కాలమైంది. మాకు ఆరాధన శుక్రవారం, సెలవు ఆ రోజే కాబట్టి. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఒక హాల్లో తెలుగు, పక్క హాల్లో మలయాళం, ఇంకో దాంట్లో అరబీ, ఫిలిప్పీన్స్ వాళ్లు, నేపాలీలు. గంట దాటితే తర్వాతి వాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. చివరిబెంచీ గారి అయ్యగార్ని ఒకసారి ఇక్కడికి పంపితే టైమ్ అలవాటవుతుంది.

చెప్పొచ్చేదేంటంటే, మా సంఘంలో ఖద్దామా (ఇళ్లలో పనిమనిషి) పని చేసే అక్కలు చాలామంది. కడప వైపు, గోదావరి జిల్లాల వైపు వాళ్లు. వాళ్లలో కొందరిని వారంలో ఒక్క పూట కూడా బయటికి పంపరు. ఒక అక్క మా సంఘ సభ్యురాలే, ఆమె మొహం నేను చూసింది ఒకే క్రిస్మస్‌కి. ఆమెను "ఎందుకు రాలేదు" అని అడిగితే అర్థముందా?

అందుకని మేం చేసేది, రాత్రి పనయ్యాక వాళ్లు ఫోన్ పట్టుకునే టైమ్‌కి వాయిస్ మెసేజ్‌లు పెడతాం. వాక్యమంతా కాదు, వినే ఓపిక ఉండదు. శుక్రవారం ఏం పాట పాడామో ఆ పాట, ఎవరింట్లో పిల్లాడు పుట్టాడు, ఎవరి వీసా అయింది, ఈసారి బిర్యానీలో ఉప్పెక్కువైంది, ఇలాంటివి. ఆ అక్క మళ్లీ పెడుతుంది, బాత్రూంలో కూర్చుని గొంతు తగ్గించి. ఆ గొంతు శుక్రవారం ఆరాధనలో అందరికీ వినిపిస్తాం, ముందే ఆమెను అడిగి. వెనకబడిపోయిందని ఎవరూ అనరు, ఆమె కోసం ఒక కుర్చీ కూడా వేస్తాం.

రూతు గారి డ్యూటీలు ఇంతకంటే తేలిక. మీ సంఘంలో ఎవరో ఒకరు ఆదివారం రాత్రి ఒక వాయిస్ పెడితే అయిపోయేదానికి ఐదుగురు నడిచి రావడమెందుకు?

జాన్సన్78
వాయిస్ మెసేజ్ సహవాసం కాదు బ్రదర్. గల్ఫ్‌లో తప్పనిసరి. ఊళ్లో ఉండి ఫోన్‌లో ఆరాధన అలవాటైతే చివరికి ఎవరూ రారు. కోవిడ్‌లో జూమ్ పెట్టాం, ఇప్పటికీ కొన్ని కుటుంబాలు తిరిగి రాలేదు. పప్పు తాలింపు వేసుకుంటూ ఆరాధన చూస్తున్నారు.

సండేస్కూల్‌అక్క
ఇందులో మాత్రం జాన్సన్ గారితో ఏకీభవిస్తాను. మా దగ్గరా అంతే జరిగింది. పిల్లలు మరీను, సండే స్కూల్ అంటే ఫోనే అనుకున్నారు.

పాతరిజిస్టర్
మా తాతగారు ఒంగోలు వైపు ఉపదేశకుడు, అందుకని ఈ పాత సంగతులు చిన్నప్పటి నుంచి వింటున్నా. 1867 జనవరి 1న ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంఘం ఏర్పరచినప్పుడు సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది. పదకొండేళ్ల తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. ఈ రెండో అంకె అందరికీ నోటికి వచ్చు, ఫ్లెక్సీల మీద వేస్తారు. కానీ ఆ రెండు వేల మందీ మర్నాడు ఎక్కడికి వెళ్లారు? వాళ్ల పల్లెలకే. ఈ పాలెంలో నాలుగిళ్లు, ఆ పాలెంలో ఆరు. మళ్లీ చిన్న సంఘాలే. పైగా అది పెద్ద కరువు వెంటనే వచ్చిన కాలం, తిండికే లేని జనం. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కూలి పని ఇప్పించి బతికించాడు ఆయన.

వాళ్లను నిలబెట్టింది దొరలు కాదు. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, ఊరూరూ తిరిగినవాడు. ఆయన వచ్చాడంటే ఎవరింట్లో ఏముందో చూసేవాడు, కూర్చునేవాడు, మాట్లాడేవాడు.

దోర్నకల్ అజరయ్య బిషప్ గారి పద్ధతి ఇంకొకటి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయినాయన. బాప్తిస్మం పొందినవాళ్ల చేత చెయ్యి తల మీద పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. అంటే వచ్చిన మొదటి రోజే పని అప్పజెప్పడం. అక్షరం రాని కూలి మనిషికి కూడా. నేను చూసినంతలో సంఘంలో నిలిచేది ఎక్కువసార్లు పరామర్శ అందుకున్నవాళ్లు కాదు, పని అందుకున్నవాళ్లు. రూతమ్మకు మీ సంఘంలో పని ఏంటి? ఉందా అసలు?

రూతు_తెనాలి
పని... క్రిస్మస్‌కి స్టార్ కట్టడానికి మా ఇంటి నిచ్చెన తీసుకెళ్తారు. 🙂 నాకంటూ ఏమీ లేదండీ. "నువ్వు ఎప్పుడుంటావో ఎప్పుడుండవో" అని ఇవ్వరు.

పాతరిజిస్టర్
చూశారా.

మెదక్_పిల్లగాడు
మెదక్ చర్చి అంటే అందరికీ తెలుసు. మిషనరీ పోస్నెట్ దొర కట్టించింది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది, ఇప్పటికీ పండక్కి బస్సుల్లో వస్తారు. మాది అక్కడి నుంచి లోపలికి ఒక ఊరు, మా గుడి చూడటానికి ఎవరూ రారు. ఒక్క పాస్టర్ గారికి చాలా ఊళ్లు, మా వంతు నెలకోసారి. మిగతా ఆదివారాలు మేమే నడిపించుకోవాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు మొదటిసారి వాక్యం చదవమన్నారు. నెహెమ్యా, గోడ కట్టిన అధ్యాయం. నిండా పేర్లే. ఎల్యాషీబు దగ్గరే నాలుక మడత పడ్డది. అందరూ నవ్విండ్రు. మూడు వచనాలు చదివి కూర్చుందామనుకుంటుంటే ముందు వరసలో ఉన్న ఒక తాత, చదువు రాదు ఆయనకు, "చదువు బిడ్డా, ఆ పేర్లు దేవుడు మర్చిపోలేదు, నువ్వెట్ల పలికినా వాళ్లకు తెలుస్తది" అన్నడు. అధ్యాయం మొత్తం చదివినా. ఇప్పుడు మా ఊళ్లో రెండు ఆదివారాలు నడిపించేది నేనే.

నాతోపాటు పక్క ఊరి గుళ్లో చదివిన దోస్తుకు "ఇంటికాడ చదువుకొని రా" అని అందరి ముందు చెప్పిండ్రు. వాడు మళ్లీ లోపలికి రాలేదు. బండి మీద పెండ్లాన్ని దింపి బయట చింతచెట్టు కింద కూర్చుంటడు.

గోదారోడు
చింతచెట్టు కింద సంఘం మా ఊళ్లో లోపలి సంఘం కంటే పెద్దది. మైకు అక్కడికీ వినపడుతుంది కాబట్టి వాళ్లూ హాజరే.

పేరొద్దు
ఇంటికి వెళ్లి పలకరించడం గురించి అందరూ మాట్లాడుతున్నారు, ఒక విషయం వదిలేశారు. మా సంఘంలో చాలామంది పేరు రిజిస్టర్‌లో ఉండదు. కారణం మీకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవుడినని రాయిస్తే బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఉన్నప్పుడు మనిషి వెనక గుమ్మం నుంచి వచ్చి చివర కూర్చుని వెళ్తాడు. అలాంటి ఇంటికి తెల్లచీరలతో ఐదుగురు బైబిళ్లు పట్టుకుని వీధి వెంట నడిచి వెళ్తే అది వాళ్లకు ఆదరణా, ఇబ్బందా? మా పక్క వీధి కుటుంబం అలాగే రావడం మానేసింది.

జాన్సన్78
విశ్వాసం ఉంటే మనుషులకు భయపడకూడదు. ఒప్పుకోవాలి.

పేరొద్దు
మీ సర్టిఫికెట్‌లో ఏముందో ముందు చెప్పి తర్వాత మాట్లాడండి.

అడ్మిన్
రిజర్వేషన్ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ రూతు గారి ప్రశ్న మీదే ఉండండి. ఇద్దరికీ చెప్తున్నా.

సండేస్కూల్‌అక్క
నేను మా స్త్రీల సమాజంలో ఉన్నదాన్నే, ఇలా ఇళ్లకు వెళ్లేదాన్నే. మేమేదో గూఢచారులం అన్నట్టు రాస్తున్నారు కాబట్టి చెప్తున్నా. వెళ్లే ఆడవాళ్లకు కూడా ఇల్లు దాటడానికి దొరికే సాకు అది. సోమవారం మధ్యాహ్నం పొలం పని లేనప్పుడు నలుగురు కలిసి నడిచి, ఒకరింట్లో కూర్చుని, పాట పాడుకుని, కష్టం చెప్పుకుని వస్తారు. అందులో సగం ఆదరణ వెళ్లినవాళ్లకే. దాన్ని పూర్తిగా ఆపేస్తే వాళ్లకేం మిగులుతుంది?

కానీ ఎలా వెళ్లాలో మాత్రం మా పెద్దమ్మ దగ్గరే నేర్చుకున్నా. ఆవిడ ఒక్కతే వెళ్లేది, మహా అయితే తోడుకి ఇంకొకరు. చేతిలో ఏదో ఒకటి ఉండేది, నాలుగు వంకాయలో, కరివేపాకు రెమ్మలో. "ఎందుకు రాలేదు" అనేది కాదు. "ఇటు పోతున్నా, చూద్దామని" అనేది. అందరికీ తెలుసు ఆవిడ ఎటూ పోవడం లేదని. గుమ్మంలోనే నిలబడి లోపల పొయ్యి వెలిగిందా లేదా చూసేది. వెలగకపోతే వెళ్లి వెలిగించేది. బైబిల్ సంచిలోనే ఉండేది, వాళ్లు అడిగితేనే తీసేది.

ఏలీయా ప్రవక్త సంగతి ఆవిడకు బాగా ఇష్టం. బదరీ చెట్టు కింద పడుకుని "నా ప్రాణం తీసెయ్యి" అన్నవాడికి దూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. రొట్టె పెట్టి, నీళ్లు పెట్టి, తిను అంది. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చింది. రెండోసారి కూడా తిండే. మాటలు తర్వాత, కొండ దగ్గర. రాజులు మొదటి గ్రంథం 19.

చివరిబెంచీ
అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు కూడా ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంత మంచి పరామర్శ బైబిల్లోనే లేదు. నోరు తెరిచాక గొడవ మొదలై ముప్పై అధ్యాయాలు దాటింది.

స్టీఫెన్_హైదరాబాద్
ఇంకొక సంగతి. సువార్తికుడు బక్త్‌సింగ్ గారు మొదలుపెట్టిన సహవాసాల్లో, ఇక్కడ హైదరాబాద్‌లోని వాళ్ల మందిరం హెబ్రోనులో, ఆరాధన అయ్యాక అందరూ నేల మీద బారులుగా కూర్చుని ప్రేమవిందు చేస్తారు. నా భార్య వాళ్లు ఆ సహవాసమే. కలెక్టరాఫీసు పెద్దాయన పక్కన రిక్షా ఆయన, అదే సాంబారు అన్నం. ఎవరు దిగులుగా ఉన్నారో, ఎవరు అన్నం కెలుకుతున్నారో భోజనం దగ్గర తెలిసిపోతుంది. సోమవారం ఇళ్లకు వెళ్లి ఆరా తీయక్కర్లేదు. చిన్న సంఘానికి ఇది కష్టమేమీ కాదు, నలభై మందికి వంట ఎంత?

అమ్మగారు_ఇక్కడ
నలభై మందికి వంట ఎంత అని వండనివాళ్లే అంటారు స్టీఫెన్ బాబూ.

స్టీఫెన్_హైదరాబాద్
సరే సరే. మగవాళ్లు వండాలి అని చేర్చండి.

గోదారోడు
థ్రెడ్ ఇక్కడితో మూసెయ్యండి, ప్రమాదకరంగా మారుతోంది.

రూతు_తెనాలి
ఇక్కడ రాసినవన్నీ చదివి నిన్న అయ్యగారి దగ్గరికి వెళ్లాను, స్త్రీల సమాజాన్ని మధ్యలో పెట్టకుండా. మైకులో చెప్పిన సంగతి ఆయనకు తెలుసు, కానీ చెరువు దాకా వినపడుతుందని ఆలోచించలేదట. పేర్లతో ప్రార్థనాంశాలు ఇకపై మైకు ఆపాకే అన్నారు. అడిగి చెప్పడం అనే మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు, నేనూ అంతటితో వదిలేశాను.

పాతరిజిస్టర్ గారి మాట పట్టుకుని పని అడిగాను. కాసేపు ఆలోచించి "ఉన్న ఆదివారాలు పెద్దవాళ్లకు బీపీ చూడగలవా అమ్మా" అన్నారు. నా రోస్టర్ ఫొటో తీసి నోటీసు బోర్డులో పెడతాను. ఎప్పుడు ఉంటానో అందరికీ తెలుస్తుంది, ఎప్పుడు పడుకుని ఉంటానో కూడా.

మా ఇంటికి వచ్చే జట్టులో పెద్దావిడకు మాత్రం కోపం వచ్చింది. "మేం వస్తే బరువైపోయామా" అంది. సమాధానం చెప్పలేకపోయాను. మొహం తిప్పుకుని వెళ్లింది. గుంటూరు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

సండేస్కూల్‌అక్క
ఆవిడ బీపీయే మొదట చూడు.

జాన్సన్78
ఆవిడ దగ్గరికి మీరే వెళ్లండి సిస్టర్, సోమవారం. ఈసారి టీ ఆవిడ పెడుతుంది.

చివరిబెంచీ
జాన్సన్ గారు మంచి మాట చెప్పారు. ఈ తేదీ రాసిపెట్టుకోవాలి.

అమ్మగారు_ఇక్కడ
ఒక్క హెచ్చరిక రూతమ్మా. బీపీ చూడు, కానీ ఆవకాయ మానెయ్యమని మాత్రం సంఘంలో అందరి ముందు చెప్పకు. బాప్తిస్మం మీద చీలిన సంఘాలున్నాయి, నీళ్లు చల్లాలా ముంచాలా అని. మనది ఆవకాయ మీద చీలుతుంది.

రూతు_తెనాలి
😂 చెవిలో చెప్తాను. అమ్మగారూ, మాత్ర?

అమ్మగారు_ఇక్కడ
ఇవాళ పరగడుపునే వేసుకున్నా. టీ కోసం అరగంట ఆగడం ఉపవాస ప్రార్థన కంటే కష్టంగా ఉంది.

మెదక్_పిల్లగాడు
రూతక్కా, మా ఊళ్లో కూడా బీపీ మిషన్ కొందామనుకుంటున్నాం. చందా పోగైంది. ఏది కొనాలె?

రూతు_తెనాలి
డిజిటల్‌ది తీసుకోండి, పై చేతికి కట్టేది. మణికట్టుకు పెట్టేది వద్దు, అంకెలు తేడాగా వస్తాయి. పట్టీ పెద్ద సైజు కూడా ఒకటి అడిగి తీసుకోండి, లావు చేతులకు చిన్నది బిగిస్తే బీపీ లేనివాళ్లకూ ఎక్కువ చూపిస్తుంది. నడిచొచ్చిన వెంటనే చూడకండి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక చూడండి. పాట పాడుతున్నప్పుడు అసలే వద్దు.